సైకిల్ చైన్ మడ్డి ప్యాంటుకి, పిక్కకి అంటకుండా ఏం చేస్తున్నారు?

కొర్లగుంట సైకిల్
తిరుపతిలో కొర్లగుంట నుంచి ఎస్వీ యూనివర్సిటీ వైపు ఆఫీసుకి రోజూ సైకిల్ మీదే వెళ్తున్నాను. గేర్ల సైకిల్, చైన్‌కి కవర్ లేదు. ఆఫీసులో లేత రంగు ప్యాంటు, ఇన్‌షర్టు తప్పదు. ఏ రోజు చూసినా కుడికాలి మడమ పైన నల్లటి గీత, ప్యాంటు అంచుకి మరక. ఒక్కోసారి పిక్క మీద పళ్ళచక్రం అచ్చు గుద్దినట్టు పడి ఉంటుంది, లిఫ్టులో పక్కన నిలబడినవాళ్ళు కిందకి చూసి నవ్వాపుకుంటున్నారు. ప్యాంటు మడిస్తే ఇస్త్రీ పోతుంది, మడవకపోతే మరక. ఒక షాపులో అడిగితే "నూనె బాగా వెయ్యి సార్, మెత్తగా పోతుంది" అన్నారు, వేస్తే మరక ఇంకా పెద్దదవుతోంది. మీలో రోజూ ఉద్యోగానికి సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు? ఆఫీసులో బట్టలు మార్చుకునే చోటు లేదు, ముందే చెప్తున్నా.

బైరాగిపట్టెడ బుల్లోడు
రబ్బరు బ్యాండ్. అంతే.

ఎయిర్‌బైపాస్ పొద్దున్నే
రబ్బరు బ్యాండ్ పది నిమిషాల దూరానికి సరే, అంతకు మించితే కాలికి గీత పడి దురద. వెల్క్రో పట్టీ దొరుకుతుంది, రెండు వేళ్ళ వెడల్పు, రాత్రి లైటు పడితే మెరిసే రకం అయితే ఇంకా మంచిది. కానీ పట్టీ కంటే అది కట్టే పద్ధతి ముఖ్యం. చైన్ ఉండేది కుడికాలికి లోపలి వైపు కదా, చాలామంది ఎక్కువ బట్టని ముందుకో లోపలికో మడిచి కడతారు, ఆ మడతే పోయి చైన్‌కి తగులుతుంది. బట్టనంతా కాలి బయటి వైపుకి లాగి అక్కడ ఒక్క మడత వేసి, చీలమండ పైన పట్టీ చుట్టండి. ఇస్త్రీ గీత ముందూ వెనకా ఉంటుంది కాబట్టి పక్క మడత వల్ల అది చెడదు. దిగాక ఒకసారి దులిపితే ప్యాంటు మామూలుగా అయిపోతుంది.

సాక్సు లోపలికి ప్యాంటు దోపేవాళ్ళు కూడా ఉన్నారు. పని చేస్తుంది, కానీ అప్పుడు మరక సాక్సుకి.

రేణిగుంట రోడ్ రాజా
ఈ గోలంతా ఎందుకప్పా, ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకో. చైనూ లేదు, నూనే లేదు, చెమటా లేదు.

ఎయిర్‌బైపాస్ పొద్దున్నే
ఆయన అడిగింది ఏం కొనాలని కాదు.

లీలామహల్ స్పానరు
నాది రిపేరు షాపు. చిన్నప్పట్నించీ చైన్ల మధ్యనే ఉన్నవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

మీ ప్యాంటుకి అంటేది నూనె కాదు సార్, మడ్డి. సీసాలోంచి వచ్చే నూనె తేటగా ఉంటుంది, అది బట్టకి పడినా తొందరగా వదుల్తుంది. చైన్ మీద ఉన్న తడికి రోడ్డు దుమ్ము అంటుకుని, అరిగిన ఇనుప పొడి కూడా దాంట్లో కలిసి, అన్నీ నూరుకుని నల్లగా తయారయ్యే సరుకు అది. మన ఊళ్ళో ఎక్కడ చూసినా తవ్వకాలే, ఎర్రమట్టి దుమ్ము. నూనె ఎంత ఎక్కువ పోస్తే అంత దుమ్ము పడుతుంది. "బాగా వెయ్యి" అని చెప్పినవాళ్ళు చప్పుడు రాకుండా చూశారు, మీ ప్యాంటు సంగతి వాళ్ళకెందుకు?

చైన్‌ని దగ్గరగా చూడండి. బయటికి కనిపించే రేకులు ఉన్నాయి కదా, వాటికి నూనెతో పనే లేదు, తుప్పు పట్టకుండా పల్చటి పొర ఉంటే చాలు. రెండు రేకుల మధ్య గుండ్రంగా తిరిగే రోలర్, దాని లోపల పిన్ను. రాపిడి, అరుగుదల అంతా అక్కడే. నూనె చేరాల్సింది ఆ సందులోకి. అంటే లోపల తడి, బయట పొడి. చైన్ బయటి రేకు మీద వేలు పెట్టి గీస్తే వేలికి నల్లగా రాకూడదు. నల్లగా వస్తే అది రేపు ప్యాంటుకి వచ్చే మరకే.

చేసే పద్ధతి: రాత్రి పూట స్టాండు వేసి కుడివైపు కూర్చోండి. పాత బనియన్ ముక్కతో చైన్ కింది వరసని గుప్పిట్లో పట్టుకుని రెండో చేత్తో పెడల్‌ని వెనక్కి తిప్పండి. బట్ట నల్లబడితే పక్కకి జరిపి మళ్ళీ పట్టుకోండి. బట్టకి రావడం తగ్గాక, కుట్టుమిషన్ నూనె సీసా లాగా సన్నమూతి ఉన్న దాంతో, కింది వరస పైభాగంలో ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క. ఒక్కటే. చైన్ మొత్తం ఒక చుట్టు వచ్చేదాకా ఓపిగ్గా వేయాలి, మొదలుపెట్టిన లింకుకి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే రెండోసారి వేయకుండా ఉంటారు. తర్వాత పెడల్ కాసేపు ఊరికే తిప్పి వదిలేయండి. నూనె లోపలికి దిగడానికి టైం కావాలి. పొద్దున వెళ్ళే ముందు పొడిబట్టతో మళ్ళీ తుడవండి, ఈసారి బట్ట తెల్లగా ఉండేదాకా గట్టిగా. ఈ రెండో తుడుపు దగ్గరే అందరూ బద్ధకిస్తారు. మరక కథంతా దీంట్లోనే ఉంది.

గేర్ల సైకిల్ అన్నారు కాబట్టి ఇంకో మాట. వెనక గేర్ మార్చే భాగంలో రెండు చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి, వాటి అంచున మడ్డి గట్టిపడి నల్ల ఉంగరం లాగా చేరుతుంది. చైన్ ఎంత తుడిచినా అది తిరిగి తిరిగి చైన్‌కి అంటిస్తూనే ఉంటుంది. ఐస్‌క్రీం పుల్లతో గీకితే పెచ్చులుగా ఊడి వస్తుంది. చూస్తే మీకే అసహ్యం వేస్తుంది.

కొర్లగుంట సైకిల్
సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో కొబ్బరినూనె, ఆముదం ఉన్నాయి, కుట్టుమిషన్ నూనె లేదు. అవి పనికొస్తాయా? బండి షాపులో పాత ఇంజన్ ఆయిల్ ఊరికే ఇస్తామన్నారు.

లీలామహల్ స్పానరు
వద్దు. కొబ్బరినూనె, ఆముదం కొన్నాళ్ళకి బంకగా మారతాయి, దుమ్ము ఇంకా గట్టిగా పడుతుంది. ఆముదం బండ్ల ఇరుసులకి వేసిన రోజులు వేరు. పాత ఇంజన్ ఆయిల్ అయితే అసలే నలుపు, అందులో అరిగిన లోహపు పొడి ముందే ఉంటుంది, మడ్డిని డబ్బాలో తెచ్చి పోసుకున్నట్టే. మరీ అవసరమైతే కొత్త ఇంజన్ ఆయిల్ చుక్కలుగా వేసి బాగా తుడవండి, నడుస్తుంది. కుట్టుమిషన్ నూనె పల్చన, తొందరగా ఆరిపోతుంది, అప్పుడప్పుడు వేస్తూ ఉండాలి, కానీ ఊళ్ళో తిరిగేవాళ్ళకి నేను అదే చెప్తాను. చైన్ కోసమే చేసిన నూనె కొనగలిగితే ఎండాకాలానికి పొడి రకం, అంటే వేశాక ఆరిపోయేది, తీసుకోండి. తడి రకం వానలకి.

కరకంబాడి కుర్రోడు
డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి తుడిచేస్తే అయిపోతుంది కదా, ఇంత పంచాంగం ఎందుకు. నేను అదే చేస్తాను, చైన్ తళతళా మెరుస్తుంది.

చంద్రగిరి ఆదివారం
మెరవడం వేరు, నూనె ఉండటం వేరు తమ్ముడూ. అది తేమని తరిమికొట్టడానికి, తుప్పు పట్టిన బోల్టు వదులు చేయడానికి చేసిన సరుకు. మడ్డి కరిగించడానికి బాగానే పనికొస్తుంది, కాదనను. కానీ అది కొడితే రోలర్ల లోపల ఉన్న పాత నూనె కూడా కరిగి కారిపోతుంది, అది కూడా తొందరగా ఎగిరిపోతుంది. ఆ తర్వాత వేరే నూనె వేయకపోతే చైన్ ఎండిపోయి కీచుమంటుంది. ఆ కంపెనీ వాళ్ళే చైన్ కోసం వేరే నూనె అమ్ముతున్నారు.

కరకంబాడి కుర్రోడు
నాది కీచుమనలేదు. కానీ సరే.

మురకంబట్టు పెద్దాయన
చిత్తూరు నుంచి రాస్తున్నాను. మీ మాటలన్నీ చదువుతుంటే నవ్వొస్తోంది. ఈ బాధకి విరుగుడు వందేళ్ళ కిందే కనిపెట్టి, మళ్ళీ మనమే పీకి పారేశాం. దాని పేరు చైన్ కవర్.

మా నాయన పంచె మీద సైకిల్ తొక్కేవాడు. తెల్ల పంచె, అంచు కొంచెం ఎగదోపుకునేవాడు, అంతే. పొద్దుగూకులూ తిరిగినా పంచెకి ఒక్క చుక్క అంటేది కాదు, ఎందుకంటే చైన్ కనపడితే కదా అంటడానికి! ముందు పళ్ళచక్రం నుంచి వెనక పళ్ళచక్రం (ఫ్రీవీల్) దాకా మొత్తం రేకు డబ్బా. దుమ్ము లోపలికి పోదు, వాన తగలదు, వేసిన నూనె నెలల తరబడి ఉంటుంది. ఇంగ్లండులో సన్‌బీమ్ సైకిళ్ళకి చైన్ నూనెలోనే మునిగి తిరిగేలా డబ్బా బిగించేవాళ్ళు, అంత శ్రద్ధ. హాలెండులో ఈ రోజుకీ సూటు వేసుకుని తొక్కేవాళ్ళ సైకిళ్ళకి నిండు కవర్ ఉంటుంది. మన దగ్గర 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, ఆ తర్వాత లూథియానా హీరో, ఇవన్నీ నల్ల సైకిళ్ళకి కవర్ పెట్టి అమ్మినవే. సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడింది ఏ రోజో తెలుసా, 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు. ఇప్పుడు కుర్రాళ్ళకి గేర్లు కావాలి, లావు టైర్లు కావాలి, కవర్ ఉంటే నామోషీ. అనుభవించండి.

ప్యాంటు వేసుకునేవాళ్ళకి అప్పట్లో స్ప్రింగు స్టీలు క్లిప్పు ఉండేది, బెల్లూ, సీటు కవరూ అమ్మే షాపులోనే దొరికేది. గుండ్రంగా వంచి ఒక పక్క తెరిచి ఉండేది, చీలమండకి తగిలిస్తే పట్టుకునేది. మా ఇంట్లో ఇంకా ఒకటి ఉండాలి.

లీలామహల్ స్పానరు
పెద్దాయన మాట కాదనలేను, కానీ నిండు కవర్ ఉన్న సైకిల్‌కి వెనక చక్రం పంక్చర్ వేయమని నా దగ్గరికి తెస్తే ఆ రోజు నా నోటి వెంట వచ్చే మాటలు ఇక్కడ రాయకూడదు. ట్యూబు మార్చాలంటే చక్రం ఊడదీయాలి, దానికి ముందు కవర్ వెనక ముక్క విప్పాలి, ఆ స్క్రూలు తుప్పుపట్టి తిరగవు. పైగా ఎక్కడో ఒక సొట్ట పడితే పెడల్ కాడ (క్రాంకు) తగిలి తిప్పినప్పుడల్లా టక్ టక్.

మురకంబట్టు పెద్దాయన
స్క్రూకి ఒక చుక్క నూనె వేయడం మర్చిపోయింది ఎవరు నాయనా, మెకానిక్కే కదా.

లీలామహల్ స్పానరు
😄 దొరికిపోయాను సార్.

కొర్లగుంట సార్‌కి చెప్పేది ఏంటంటే, ముందు రెండు మూడు పళ్ళచక్రాలు ఉండి గేర్ మారే సైకిల్‌కి ఆ నిండు కవర్ పట్టదు. చైన్ పక్కకి జరగడానికి చోటు కావాలి. మీలాంటి వాటికి గుండ్రటి ప్లాస్టిక్ గార్డు వస్తుంది, పెద్ద పళ్ళచక్రానికి బయటి వైపు బిగిస్తారు. చైన్ మొత్తం దాచదు కానీ, మీ పిక్క మీద అచ్చు పడుతోంది అన్నారే, దాన్ని పూర్తిగా ఆపుతుంది. ప్యాంటు అంచు పళ్ళలో చిక్కుకోవడం కూడా ఆగుతుంది. ముందు ఒక్కటే పళ్ళచక్రం ఉన్న సైకిల్ అయితే పై వరసని కప్పే సగం కవర్ కూడా పెట్టొచ్చు.

తిరుచానూరు అమ్మ
అందరూ ప్యాంట్ల గురించే మాట్లాడుతున్నారు. మా బాధ కూడా వినండి. మా పాప తొమ్మిదో తరగతి, స్కూలుకి సైకిల్. వారంలో తెల్ల డ్రెస్సు వేసుకునే రోజులున్నాయి, తెల్ల సాక్సు, తెల్ల కాన్వాస్ బూట్లు. లేడీస్ సైకిల్‌కి కవర్ ఉండేది, కింద పడి పగిలిపోయింది, కొత్తది వేయించేలోపు ఆ సాక్సుల పరిస్థితి చూడాలి. నేను కూడా అదే సైకిల్ మీద మార్కెట్‌కి వెళ్తాను. చుడీదార్ కింద బిగుతుగా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు, పలాజోలు, పటియాలాలు మాత్రం సైకిల్‌కి వద్దే వద్దు. మరక సంగతి తర్వాత, బట్ట చైన్‌కీ పళ్ళకీ మధ్య ఇరుక్కుంటే మనిషి కింద పడటమే. చున్నీ ఎప్పుడూ వెనక్కి వదలకండి, అడ్డంగా వేసి నడుము దగ్గర ముడి వేసుకోండి. చీరకి వెనక చక్రం పక్కన జాలీ పెట్టించుకోవాలి, నూనె మరక కంటే అది ముందు.

ఇంతకీ నా ప్రశ్న, పడిన మరక ఎలా పోతుంది? తెల్లబట్ట మీద బ్లీచింగ్ వేసి చూశాను, నలుపు కాస్త తగ్గి పసుపు మిగిలింది.

తెల్లచొక్కా లాండ్రీ
అక్కా, బ్లీచింగ్ రంగు మీద పని చేస్తుంది, జిడ్డు మీద కాదు. మాకు ఇలాంటివి వారానికి ఎన్నో వస్తాయి, మెకానిక్కులవి, బడి పిల్లలవి. ఒక వరసలో చేయాలి.

మరక కనపడగానే అందరూ చేసేది కొళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దడం. అక్కడే చెడుతుంది. నీళ్ళు తగిలితే జిడ్డు నేతలోకి ఇంకా అతుక్కుంటుంది, రుద్దితే మరక పక్కలకి పాకుతుంది. ముందు స్పూను అంచుతో పైన ఉన్న మడ్డిని గీకి తీసేయాలి. తర్వాత టాల్కం పౌడరో, సుద్దపొడో మందంగా చల్లి ఒక అరగంట వదిలేయాలి, అది జిడ్డుని పీల్చుకుంటుంది. దులిపి, గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళు కలపకుండా నేరుగా మరక మీద వేసి, బట్ట తిరగేసి వెనక వైపు నుంచి వేలితో మెత్తగా తట్టాలి, కింద ఒక పాత తువ్వాలు పరిచి. మరక ఎటు నుంచి వచ్చిందో అటే బయటికి పోవాలి, అందుకు. పావుగంట ఆగి పాత టూత్‌బ్రష్‌తో కొంచెం, గోరువెచ్చని నీళ్ళతో ఝాడించడం. పోకపోతే మళ్ళీ మొదట్నించీ.

జిడ్డు పోయినా లేతగా బూడిదరంగు నీడ మిగులుతుంది చూడండి, అది ఇనుప పొడి, దుమ్ము. నేతలో ఇరుక్కుని ఉంటుంది. రెండు మూడు ఉతుకుల్లో తగ్గుతుంది, కంగారుపడి గట్టిగా రుద్దితే బట్ట నూగు లేస్తుంది, మరక కంటే అది పెద్దగా కనపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, మరక పూర్తిగా పోయిందని వెలుతురులో చూసుకున్నాకే ఇస్త్రీ. వేడి తగిలితే మామిడి సొన లాగా పట్టేస్తుంది, ఇక జన్మలో వదలదు. మా దగ్గరికి వచ్చే సగం కేసులు ఇంట్లో ఒకసారి ఇస్త్రీ చేసి తెచ్చినవే. పాత మరకకి మాత్రం కొబ్బరినూనె ఒక చుక్క రాసి నాననిచ్చి, మెత్తబడ్డాక పైన చెప్పిందే చేయండి. జిడ్డుని జిడ్డే కరిగిస్తుంది. పట్టుకి, ఉన్నికి ఇవేవీ చేయకండి, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేయండి.

పెట్రోలుతో తుడుస్తామని కొందరు అంటారు. పోతుంది నిజమే, కానీ వంటింట్లో ఆ బట్ట ఆరేసి స్టవ్వు వెలిగించే ఇల్లు కూడా చూశాను. వద్దు.

తిరుచానూరు అమ్మ
చాలా థాంక్స్ అన్నా. సుద్దపొడి సంగతి తెలియదు, ఇంట్లో బోలెడు ఉంది, నేను టీచర్నే.

బైరాగిపట్టెడ బుల్లోడు
కాలికి అంటితే?

తెల్లచొక్కా లాండ్రీ
సూత్రం అదే తమ్ముడూ. పొడి కాలికి రెండు చుక్కల కొబ్బరినూనె రుద్ది, పాత గుడ్డతో తుడిచేయాలి, నల్లదంతా గుడ్డకి వచ్చేస్తుంది. ఆ తర్వాత సబ్బు. మనవాళ్ళు ముందే సబ్బు రుద్ది రుద్ది చర్మం ఎర్రగా చేసుకుంటారు. గోళ్ళ సందుల్లోది అయితే శనగపిండిలో గిన్నెల లిక్విడ్ కలిపి రుద్దండి. డీజిల్‌తో చేతులు కడుక్కునే మెకానిక్కులు ఉన్నారు, పగుళ్ళు రావూ మరి?

చంద్రగిరి ఆదివారం
ఇంతవరకూ నూనె తుడవడం గురించే చెప్పారు. అసలు నూనే లేకుండా చేసే దారి ఒకటుంది, మైనం. ఆదివారాలు చంద్రగిరి, రంగంపేట వైపు తొక్కే మా బ్యాచ్‌లో చాలామంది అటు మారారు. మైనం రాసిన చైన్‌ని గట్టిగా పట్టుకున్నా చేతికి ఏమీ రాదు, మహా అయితే బూడిదరంగు పొడి, దులిపితే పోతుంది. దుమ్ము దానికి అంటదు.

కాకపోతే మొదటిసారి చాకిరీ ఉంది. కొత్త చైన్ అయినా సరే దానికి ఫ్యాక్టరీ గ్రీజు ఉంటుంది, ఆ జిడ్డు చుక్క మిగిలినా మైనం పట్టదు. చైన్ ఊడదీసి ప్లాస్టిక్ సీసాలో వేసి డీజిల్ పోసి గిలక్కొట్టాలి, నల్లగా వచ్చింది పారబోసి మళ్ళీ, సీసాలో డీజిల్ తేటగా ఉండేదాకా. (కాలవలో పారబోయకండి దయచేసి, సీసాలోనే ఉంచితే అడుగున మడ్డి దిగి పైన తేట మళ్ళీ వాడుకోవచ్చు.) డీజిల్ కూడా జిడ్డే కాబట్టి దాని తర్వాత గిన్నెల లిక్విడ్, వేన్నీళ్ళు. బాగా కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. మన ఎండకి అదెంతసేపు.

ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు, దాంట్లో వంటకి వాడని చిన్న స్టీలు గిన్నె, అందులో పారాఫిన్ మైనం. నేరుగా మంట మీద మైనం పెట్టొద్దు, అంటుకుంటే ఆర్పలేరు, నీళ్ళ గిన్నె ఉంటే ఆ భయం లేదు, కరెంటు స్టవ్వు అయితే ఇంకా మేలు. మైనం నీళ్ళలా కరిగాక చైన్‌ని తీగకి గుచ్చి దింపండి. లింకుల్లోంచి సన్నటి బుడగలు పైకి వస్తాయి, లోపలి గాలి పోయి మైనం దూరుతోందని అర్థం. బుడగలు ఆగేదాకా కదిలిస్తూ ఉంచి, తీసి వేలాడదీయండి. చల్లారాక చైన్ కర్రలా బిగుసుకుపోతుంది, భయపడకండి, ఒక్కో లింకు చేత్తో వంచితే వదులవుతుంది. మొదటి రోజు తెల్లటి పొట్టు రాలుతుంది. పొడి రోడ్ల మీద దాదాపు 300 కిలోమీటర్లు నిశ్చింత. తర్వాత మళ్ళీ ముంచాలి, కానీ ఈసారి డీజిల్ గొడవ ఉండదు, తుడిచి ముంచడమే.

కరకంబాడి కుర్రోడు
మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఆ మైనం కారిపోదా అన్నా?

చంద్రగిరి ఆదివారం
పారాఫిన్ రకాన్ని బట్టి 50 నుంచి 65 డిగ్రీల దాకా కరగదు. ఎండలో నిలిపిన సైకిల్ ఇనుము గాలి కంటే వేడెక్కుతుంది నిజమే, పైపైన మెత్తబడొచ్చు, కారిపోవడం మాత్రం మా వాళ్ళెవరూ చూడలేదు. కొవ్వొత్తులు కరిగించకండి, వాటిలో రంగులు, వాసనలు, ఇంకేవో కలుపుతారు. విడి పారాఫిన్ తీసుకోండి.

లీలామహల్ స్పానరు
మైనం మంచిదే, నేను కాదనట్లేదు. కానీ మన దగ్గర అసలు వాన నైరుతిది కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో ఏరులు పారిన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. అలాంటి రోజుల్లో మైనం చైన్‌ని ఒక్కసారి తడిపి అలాగే వదిలేస్తే రెండో రోజుకి లింకుల మీద ఎర్రగా తుప్పు. తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచే ఓపిక ఉద్యోగానికి పోయే మనిషికి ఉంటుందా? కార్తీకమాసంలో నూనె, మాఘం నుంచి మైనం అనుకుంటే సరే. కాకపోతే నూనె నుంచి మైనానికి మారిన ప్రతిసారీ ఆ డీజిల్ స్నానం చేయించాలి.

చంద్రగిరి ఆదివారం
సీసాలో వచ్చే మైనం లూబ్ ఉంది కదా, నీళ్ళలా ఉంటుంది, రోలర్ల మీద వేసి రాత్రంతా ఆరనిస్తే లోపల మైనం మిగులుతుంది. గిన్నెలో ముంచినంత కాలం రాదు కానీ చైన్ ఊడదీసే పని లేదు. ఉద్యోగస్తులకి అదే నయం.

లీలామహల్ స్పానరు
దానికి ఒప్పుకుంటాను. చైన్ ఊడదీయాలనుకునేవాళ్ళకి ఒక్క జాగ్రత్త. గేర్లు లేని సైకిల్ చైన్‌కి ఒక లింకులో చేప ఆకారంలో చిన్న క్లిప్పు ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు దాని మూసి ఉన్న వైపు చైన్ ముందుకు కదిలే దిక్కుకి ఉండాలి. తిప్పి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది, నడిరోడ్డు మీద.

ఎయిర్‌బైపాస్ పొద్దున్నే
ఒకటి ఎవరూ చెప్పలేదు. పిక్క మీద మరక తొక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు పడుతుంది. సిగ్నల్ దగ్గర సీటు మీంచి ముందుకి దిగి రెండు కాళ్ళ మధ్య సైకిల్ పెట్టుకుని నిలబడతాం కదా, సైకిల్ కాస్త కుడికి వాలితే పళ్ళచక్రం వచ్చి కుడి పిక్కకి ఆనుకుంటుంది. ఆ అచ్చు పడేది అక్కడే. అందుకని ఎప్పుడూ ఎడమకాలు దింపండి, కుడికాలు పెడల్ మీదే ఉండనివ్వండి, సైకిల్ ఎడమకి వాలుతుంది. మనం రోడ్డుకి ఎడమ పక్కనే పోతాం కాబట్టి కాలవగట్టో పేవ్‌మెంటో ఎడమకాలికే అందుతుంది. నడిపించుకుంటూ వెళ్ళేటప్పుడు కూడా సైకిల్‌కి ఎడమ పక్కనే నడవండి. ఇంకోటి, ఆగే ముందు చైన్‌ని ముందున్న పెద్ద పళ్ళచక్రం మీదకి వేస్తే కనీసం పళ్ళు పిక్కలో గుచ్చుకోవు, ప్యాంటుకి చిరుగు పడదు.

కొర్లగుంట సైకిల్
ఇది చదివి ఇవాళ అన్నమయ్య సర్కిల్ దగ్గర గమనించాను, కరెక్టే, నేను కుడికాలే దింపుతున్నాను! ఇంకో చిక్కు, మాది రెండో అంతస్తు. మెట్ల మీద సైకిల్ ఎత్తుకుని పోవాలి, అప్పుడు చొక్కాకి కూడా అంటుతోంది.

ఎయిర్‌బైపాస్ పొద్దున్నే
ఎత్తేటప్పుడు కూడా మీరు ఎడమ పక్కనే ఉండాలి, చైన్ అవతలి వైపు. అయితే అప్పుడు మరక మెట్ల పక్క గోడకి పడుతుంది, ఇంటి ఓనరు ఊరుకుంటాడా అనేది మీరూ మీరూ చూసుకోండి. పాత ప్లాస్టిక్ కవరో, గుడ్డ సంచో చైన్ మీద కప్పి ఎత్తేవాళ్ళు ఉన్నారు.

రేణిగుంట రోడ్ రాజా
ఓనరు కోసమైనా స్కూటర్ తీసుకో సార్ 😂

మురకంబట్టు పెద్దాయన
చైనే లేని సైకిళ్ళు వచ్చాయని విన్నాను, రబ్బరు బెల్టుతో నడిచేవి. నిజమేనా?

చంద్రగిరి ఆదివారం
నిజమే పెద్దాయనా, లోపల కార్బన్ నారలు ఉన్న బెల్టు. నూనె అక్కర్లేదు, నీళ్ళతో కడిగితే చాలు. కానీ బెల్టుని చైన్ లాగా తెంచి మళ్ళీ కలపలేం కదా, అందుకని వెనక ఫ్రేము ఒకచోట విడదీసే వీలుండాలి. మామూలు సైకిల్‌కి మార్చుకోవడం కుదరదు. గేర్లు కూడా బయట కాకుండా, ఎక్కువగా వెనక ఇరుసు దగ్గర, డబ్బా లోపలే ఉండాలి. ధర వింటే మీ నల్ల సైకిల్‌ని ఇంకో ముప్ఫై ఏళ్ళు తొక్కుతారు.

తిరుచానూరు అమ్మ
పాప సాక్సులకి సుద్దపొడి పద్ధతి చేశాను. కొత్త మరక పూర్తిగా పోయింది. పాతవి సగం పోయాయి, ఇంకోసారి చేస్తాను. కవర్ కూడా కొత్తది వేయించాం, మెకానిక్ అబ్బాయితో స్క్రూలకి నూనె వేయించాను, పెద్దాయన మాట గుర్తొచ్చి.

కొర్లగుంట సైకిల్
నేను రాత్రి చైన్ తుడిచాను, స్పానరు సార్ చెప్పినట్టు. రెండు బనియన్లు బలి. వెనక చిన్న చక్రాల మీద గీకితే వచ్చిన పెచ్చులు చూసి మా ఆవిడ బాల్కనీ తలుపు వేసేసింది. పొద్దున వెల్క్రో పట్టీ బయటి మడతతో కట్టుకుని వెళ్ళాను, మరక లేదు, ఒక్క రోజుకే సంబరపడకూడదులెండి. ఇక ఆ గుండ్రటి గార్డు వేయిద్దాం అనుకుంటున్నాను. నా సైకిల్‌కి ముందు మూడు పళ్ళచక్రాలు ఉన్నాయి, ఏ సైజు అడగాలి?

లీలామహల్ స్పానరు
అన్నిటికంటే బయట ఉన్న పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళో లెక్కపెట్టండి, మామూలుగా 42 గానీ 48 గానీ ఉంటాయి, కొన్నిటికి ఆ అంకె చక్రం మీదే కొట్టి ఉంటుంది. గార్డు ఆ పళ్ళ కంటే కాస్త బయటికి రావాలి, లేకపోతే పెట్టినా దండగ. ఆ పెద్ద చక్రాన్ని బోల్టులతో బిగించారా, రివిట్లు కొట్టారా కూడా చూడండి. బోల్టులైతే అదే రంధ్రాల్లో పొడుగు బోల్టులు వేసి బిగించొచ్చు. రివిట్లైతే చిన్న స్క్రూ రంధ్రాలు వేరే ఉన్నాయేమో చూడాలి, లేకపోతే క్రాంకు సెట్టే మార్చాలి, దానికి డబ్బు పెట్టే ముందు ఆలోచించుకోండి, పట్టీతోనే పని జరుగుతోంది కదా. కుడివైపు నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఆదివారం తీసుకొస్తే మధ్యాహ్నం లోపు రండి, తర్వాత షాపు ఉండదు.